ఓడ యెక్కుటకు ముందు



సముద్రయానమన్న మాత్రమున ప్రాయశ్చిత్తమును తలపోసిన కాలము మన యిండ్లలో గడచిపోయినది. నేడు అమెరికాలోని కొమార్తెకు పురుడు పోయబోయిన తల్లి, బిడ్డ కూర్చుండ నేర్చిన పిమ్మట, కొమార్తెతోడను అల్లునితోడను ఫ్లారిడా తీరమున ఓడ నెక్కి బహామా దీవులను చూచి వచ్చుచున్నది. సింగపూరునుండి మూడు నాలుగు దినముల నౌకావిహారమునకు పోవు కుటుంబములును కలవు. మన విశాఖపట్టణమునందే ఇట్టి ఓడలకొరకు 2023వ సంవత్సరము సెప్టెంబరులో ప్రత్యేకమైన టెర్మినలు ప్రారంభింపబడినది. ఓడలోని వింతలను వర్ణించువారు అనేకులు గలరు. నేను వ్రాయదలచినది అంత వినోదమైన విషయము కాదు. ఓడ యెక్కువారు కొనవలసిన యాత్రాబీమాను గురించి.

మా వదినగారి సంగతి మొదట చెప్పెదను. ఆమెకు అరువదియైదేండ్లు. కుమారుడు అట్లాంటాలో ఉద్యోగి. ఇచ్చటినుండి బయలుదేరునప్పుడు బంధువుల పిల్లవాడొకడు ఆమెకు బీమా దరఖాస్తు నింపుచు, "అత్తయ్యగారూ, చక్కెర, రక్తపుపోటు ఏమైన ఉన్నవా?" యని యడిగెను. "పెద్దగా ఏమియు లేవులే నాయనా" యని ఆమె సెలవిచ్చిరి. మూడేండ్లుగా ఉదయము సాయంకాలము మధుమేహమునకు మాత్రలు మ్రింగుచున్న సంగతి కుమారునికి సైతము తెలియదు. ప్రీమియము తగ్గినదని పిల్లవాడు సంతసించెను.

ఓడలో మూడవ దినమున సముద్రము కల్లోలమయ్యెను. వదినగారు వాంతులతో ఏమియు తినలేకపోయిరి. కాని మాత్ర మానరాదను నియమమున దానిని మాత్రము వేసికొనిరి. అర్ధరాత్రమున స్పృహ తప్పిరి. ఓడలోని వైద్యుడు రక్తములో చక్కెర పడిపోయినదని కనిపెట్టి, నరమునకు మందెక్కించి, తెల్లవారువరకు కనిపెట్టియుండెను. ప్రాణము దక్కినది. గదిలెక్కలో రెండువేల డాలర్లకు పైబడిన బిల్లు చేరినది. బీమా కంపెనీ, ముందునుండి యున్న రోగమును దాచితిరని చెప్పి, ఒక్క డాలరైనను ఇయ్యలేదు. న్యాయముగా చూచిన వారిని తప్పుపట్టుటకు వీలులేదు.

"ఏల చెప్పలేదమ్మా?" యని కుమారుడు అడుగగా, "చెప్పినచో నా కొరకు మీరును విహారము మానుకొందురేమో యనుకొంటిని" అని ఆమె కన్నీరు పెట్టుకొనిరి. సోదరీ, ఇది మా వదినగారి యొక్క గుణమే యనుకొనవలదు. తలనొప్పి మొదలు గుండెనొప్పి వరకు పిల్లలకు చెప్పక కొంగుమాటున దాచుకొనుట మనలో ఎందరికి అలవాటు కాదు? ఇంటియందు ఈ దాపరికము ఎట్లో గడచిపోవును. బీమా దరఖాస్తులో అదియే పత్రమును నిరర్థకము చేయును.

ఓడమీద రోగము భూమిమీది రోగమువంటిది కాదు. పెద్ద ఓడలలో వైద్యుడు, నర్సులు, కొన్ని పడకలు, ప్రాణరక్షణకు వలయు కొన్ని యంత్రములు నుండును. కాని అది ఆసుపత్రి కాదు. ఓడ వైద్యుడు తన రుసుమును డాలర్లలో గదిలెక్కకు వ్రాయును. దిగునప్పుడు మనము చెల్లించి, రసీదులు తెచ్చుకొని, తరువాత బీమావారిని అడుగవలెను. మనదేశములో మనము కొనియున్న ఆరోగ్యబీమా సామాన్యముగా దేశము దాటిన పనిచేయదు. కుమారుని కచేరీవారిచ్చిన కార్డు గాని, ఆరోగ్యశ్రీ కార్డు గాని నడిసముద్రమున చూపి ప్రయోజనము లేదు.

రోగము ముదిరినచో వైద్యుడు ఒడ్డునకు చేర్పవలెనని చెప్పును. హెలికాప్టరు తీరమునుండి కొంతదూరమువరకే రాగలదు. అంతకు మించిన దూరమున ఓడయే దారి మరలవలెను. ఒడ్డున దింపిన ఊరు మనకు తెలియనిది, భాష తెలియనిది. మెక్సికో వంటి చోట్ల ప్రైవేటు ఆసుపత్రులవారు పెక్కుమారులు ముందుగా సొమ్ము కట్టినగాని చేర్చుకొనరు. అచ్చటినుండి వైద్యునితో కూడ ప్రత్యేక విమానమున తరలింపవలసివచ్చిన, పదులవేల డాలర్లు వ్యయమగును. తోడుగా దిగిన కోడలికి బస, భోజనము, తిరుగు టిక్కెట్టు వేరు.

కావున బీమా కొనునప్పుడు ప్రీమియమును కడపట చూడుడు. మొదట చూడవలసినవి వైద్యమునకిచ్చు మొత్తము, రోగిని తరలించుటకిచ్చు మొత్తము. ఈ రెండవది మొదటిదానిలో చేరియున్నదా, వేరుగా నున్నదా యని అడుగుడు. ఐరోపాలో షెంగెన్ వీసాకు 30,000 యూరోల వైద్యబీమా ఉండవలెనను నియమము కలదు. అది వీసాకు చాలిన కనిష్ఠము, రోగికి చాలునని యెవ్వరును చెప్పలేదు. మన కంపెనీలు 50,000 డాలర్లు మొదలు 5,00,000 డాలర్ల వరకు పాలసీలు అమ్ముచున్నవి. అరువది దాటినవారు ఓడ యెక్కునెడల లక్ష డాలర్లకు తక్కువది కొనరాదని నా యభిప్రాయము. అమెరికా తీరమునకు అదియు తక్కువయే.

ముందునుండి యున్న రోగముల విషయమున పాలసీలు నానావిధములు. కొన్ని వానిని పూర్తిగా త్రోసివేయును. కొన్ని ప్రాణాపాయము కలిగిననాడు మాత్రమే యిచ్చును. కొన్ని అధికమైన ప్రీమియము పుచ్చుకొని ఒక హద్దువరకు భరించును. మధుమేహము గలవారు ఈ మూడవదానిని వెదకుట మేలు. అమెరికాలోని పిల్లలు తల్లిదండ్రులకొరకు అక్కడనే కొను పాలసీలలో రెండు తెగలు కలవు. మొదటి తెగ ఒక్కొక్క చికిత్సకు ఇంతయని నిర్ణయించిన సొమ్మునే యిచ్చును, మిగిలినది మన నెత్తిన పడును. రెండవ తెగ అయిన వ్యయములో అధికభాగము నిచ్చును. ధర చూచి పిల్లలు మొదటిదానిని కొనుట కద్దు. పాతరోగము హఠాత్తుగా తిరుగబడినప్పుడు ఇచ్చు సాయమునకు వయోపరిమితి యుండును, దానిని కూడ చదువవలెను. ఆ పాలసీ అమెరికా దాటి ఓడమీదను, దీవులలోను చెల్లునా యను ప్రశ్నకు జవాబు కాగితముమీద వ్రాయించుకొనుడు. ఏజెంటు నోటిమాట చాలదు.

ఇక ఓడ తప్పిపోవుట. 2024వ సంవత్సరము మార్చిలో ఆఫ్రికా పడమటి తీరమున సావోటోమే దీవిలో విహారమునకు దిగిన ఎనిమిదిమంది ప్రయాణికులు వేళకు తిరిగిరాలేకపోయిరి. ఓడ వారిని విడిచి సాగిపోయెను. వారు దేశదేశములు తిరిగి సెనెగలులోని డకారు రేవులో ఓడను కలిసికొనవలసివచ్చెను. ఓడ మనకొరకు ఆగదు. విమానము ఆలస్యమై ఓడ తప్పినచో బీమా సొమ్ము వచ్చునా యని చూచుకొనుడు గాని, దానికంటె ఒక దినము ముందుగా రేవుపట్టణమునకు చేరుట మంచిది.

2020వ సంవత్సరము ఫిబ్రవరిలో జపానులోని యొకొహామా రేవున 'డైమండ్ ప్రిన్సెస్' ఓడను కరోనా కారణమున నిలిపివేసిరి. 3,711 మందిలో 700 మందికి పైగా రోగమంటెను. తక్కినవారు గదులలోనే బందీలైరి. ఇట్టి సమయమున మనము తిరిగిరావలసిన తేది దాటినను పాలసీ చెల్లునా? ఇది తప్పక అడుగదగినది.

టిక్కెట్టు సొమ్ము కూడ చిన్నది కాదు. ప్రయాణము సమీపించినకొలది ఓడవారు వాపసిచ్చునది తగ్గుచుండును. గనుక మొదటి వాయిదా కట్టిననాడే బీమా కొనుట యుక్తము. ముంబయినుండి 2019లో విహారములు మొదలిడిన జలేశ్ సంస్థవారి 'కర్ణిక' ఓడ, ఆ సంస్థ మూతపడగా 2020లోనే గుజరాతు అలంగ్ తీరమున తుక్కునకు చేరినది. సంస్థ దివాలా తీసినచో నష్టమిత్తుమని పాలసీలో స్పష్టముగా లేనియెడల రాదనియే తలంపవలెను. అటులనే, మనసు మారి మానుకొన్నను ఏమియు రాదు.

నిజము చెప్పియు, రసీదులన్నియు చూపియు సొమ్ము రానినాడు ఊరకుండ నక్కరలేదు. మన దేశపు కంపెనీయైనచో మొదట వారికే వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. నెల దాటినను జవాబు రాకున్న, వచ్చినది తృప్తికరము కాకున్న, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కచేరీకి వ్రాసికొనవచ్చును. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములకు అదియే. 50 లక్షల రూపాయల వరకు తీర్పు చెప్పు అధికారము కలదు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఒక యేటిలోపల మాత్రము వ్రాయవలెను. అమెరికాలో కొన్న పాలసీకి ఈ సదుపాయము వర్తింపదు.

మా వదినగారు ఈ సంవత్సరము మరల బయలుదేరుచున్నారు. ఈ మారు అలాస్కా యట. ప్రీమియము విని, "దీనితో రెండు పట్టుచీరలు వచ్చునే" యని కొంత సణిగిరి. దరఖాస్తు మాత్రము పిల్లవాని చేతి కీయలేదు. కళ్లజోడు పెట్టుకొని, మాత్రల పెట్టెను ముందుంచుకొని, ఒక్కొక్క మందు పేరు చూచి తామే వ్రాసిరి. రెండవ నకలును కోడలికి పంపిరి.