మీకు తెలుసా? పాత ఐ7 కంటే కొత్త ఐ3 మేలు!

మార్కాపురంలోనైనా, గిద్దలూరులోనైనా డిగ్రీ చదివే పిల్లలకు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ఇంటెల్ చిప్‌కు ఐ7 అన్న పేరు చూసి మోజుపడొద్దు. చూడాల్సింది ఆ పేరు పక్కనున్న అంకెలు; చిప్ ఏ తరానిదో చెప్పేవి అవే. 2016లో వచ్చిన ఐ7-7500యులో ఉన్నవి 2 కోర్లే. 2017లో ఐ5-8250యుతో ఇంటెల్ వాటిని 4 చేసింది. 2022 నాటి ఐ3-1215యులోనైతే 6 కోర్లు: పెద్దవి 2, కరెంటు పొదుపుగా వాడే చిన్నవి 4. పాతదానికే ఎస్‌ఎస్‌డీ వేస్తే చాలదా అంటారు. వేగం మాటకొస్తే నిజమే. టైపింగుకు, వీడియో పాఠాలకు అది సరిపోతుంది. చిక్కంతా భద్రతతోనే. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఐ7-7500యు లాంటి ఏడో తరం చిప్‌లను, ఒకటి అరా తప్ప, విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ బదులు లినక్స్ వాడలేనివారు ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందువి కొనకపోవడమే మంచిది.