డీజిల్ బండి తెల్లవారుజామున స్టార్ట్ కావడం లేదా? బోరు పనికి ఒప్పుకునే ముందు ఇవి చూడండి

మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలే చిన్న రైతులకు చలికాలంలో ఎదురయ్యే ఇబ్బంది ఇది. బాక్సులు రాత్రే లోడ్ చేసి పెడతారు. తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతుంది, తెల్లటి పొగ వదులుతుంది కానీ అందుకోదు. నలుగురు తోస్తే తప్ప కదలదు. షెడ్డుకు తీసుకెళ్తే చాలాసార్లు వినిపించే మాట ఒకటే: "కంప్రెషన్ పోయింది, ఇంజన్ బోరుకు వచ్చింది." బోరు పని అంటే చిన్న రైతుకు ఒక పంట మిగులు మొత్తం పోయినట్టే. ఆ మాట నిజమో కాదో ముందు తేల్చుకోవాలి.

నేను చదివింది వ్యవసాయం, ఇంజన్లు కాదు. అయినా ఇన్నేళ్ల ఉద్యోగంలో రైతుల బండ్ల పక్కన చాలాసార్లు నిలబడ్డాను. ఒక రైతు ఇంజన్ విప్పించడానికి అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు. తీరా చూస్తే బ్యాటరీ ఎర్త్ వైరు బిగించిన బోల్టు తుప్పు పట్టి ఉంది. దాన్ని గీకి బిగించగానే బండి మొదటి సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని దాదాపు 15 నుంచి 22 రెట్లు కుదించినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. రింగులు, లైనర్ అరిగినా, వాల్వు సరిగా మూసుకోకపోయినా, హెడ్ గాస్కెట్ లీకైనా గాలి జారిపోయి ఆ వేడి చాలదు. అయితే సెల్ఫ్ నెమ్మదిగా తిరిగినా ఫలితం అదే, ఎందుకంటే కుదించిన గాలి వేడెక్కేలోపే చల్లారిపోతుంది. అందుకే మొదట బ్యాటరీ, టెర్మినళ్లు, ఎర్త్ వైరు చూడాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజి 9.6 కంటే బాగా పడిపోతుంటే ఇంజన్‌ను అనుమానించడం తొందరపాటే. హీటర్ ప్లగ్గులు ఉన్న బండి అయితే అవి వేడెక్కుతున్నాయో లేదో కూడా పరీక్షించాలి.

తరువాత పొగ గమనించండి. సెల్ఫ్ కొట్టినా అసలు పొగే రాకపోతే డీజిల్ అందడం లేదని అర్థం. లైనులో ఎయిర్ పట్టి ఉంటుంది, లేదా ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది. కళ్లు మండించే తెల్లపొగ వస్తే డీజిల్ వెళ్తోంది కానీ మండడం లేదు. నీలం పొగ ఆయిల్ కాలుతున్నదానికి గుర్తు. లోడుతో వెళ్లేటప్పుడు నల్లపొగ వస్తే ముందు ఎయిర్ క్లీనర్, తరువాత నాజిల్ చూడాలి.

గేరు బండి అయితే కంప్రెషన్‌ను చేత్తో తెలుసుకునే పాత పద్ధతి ఒకటుంది. చదునైన నేలపై, ముందు ఎవరూ లేకుండా చూసి, తాళం తీసేయండి. స్టాప్ కేబుల్ ఉన్న పాత ఇంజన్ అయితే దాన్ని లాగి ఉంచాలి, లేకపోతే తోస్తున్నప్పుడు స్టార్ట్ అయిపోవచ్చు. టాప్ గేరులో వేసి ఇద్దరు ముగ్గురు నెమ్మదిగా తోయాలి. కంప్రెషన్ బాగుంటే బండి ఆగి ఆగి, ఒకే లయలో ముందుకు కదులుతుంది. ఒక సిలిండర్ బలహీనంగా ఉంటే ఆ వంతు వచ్చినప్పుడు సులభంగా జారుతుంది. ఏ పట్టూ లేకుండా సాఫీగా దొర్లిపోతే అనుమానించాల్సిందే. గేరులో వేసి వాలులో నిలిపిన బండి మెల్లమెల్లగా జారడమూ ఇలాంటి సూచనే. (హ్యాండ్ బ్రేకు, చక్రాల కింద రాళ్లు మాత్రం మానకండి.)

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, బోర్లించి అక్కడే పెట్టండి. కాస్త కదిలితే ఫర్వాలేదు. పొగతో పాటు ఎగిరిపడుతుంటే గాలి రింగుల పక్కనుంచి కిందికి దిగుతోంది. ఆయిల్ పాలలా తెల్లబడినా, రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నా గాస్కెట్‌ను అనుమానించాలి. రేడియేటర్ మూత మాత్రం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి.

నాజిల్ పైపు నట్టు ఒక్కొక్కటే వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయడం లేదో చూడటం పాత పంపు ఇంజన్లకే చెల్లుతుంది. కామన్ రైల్ బండ్లలో ఆ పని చేయనే వద్దు. ఆ లైనులో ఒత్తిడి 1000 బార్‌కు మించి వెళ్లగలదు, చిమ్మిన డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది. స్టార్ట్ కావడానికి ఈథర్ స్ప్రే కొట్టడమూ ప్రమాదమే. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌లో అది పేలి రింగులు, పిస్టన్ పగలవచ్చు.

ఇవన్నీ చూశాకా అనుమానం మిగిలితే డీజిల్ గేజీతో కంప్రెషన్ టెస్టు చేయించండి. పెట్రోలు గేజీ దీనికి పనికిరాదు. ఇంజన్ వేడిగా, బ్యాటరీ నిండుగా ఉండాలి. సాధారణంగా బాగున్న డీజిల్ ఇంజన్ సుమారు 350 నుంచి 500 పిఎస్‌ఐ చూపుతుంది. మీ బండికి కంపెనీ మాన్యువల్‌లో ఇచ్చిన అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి. సిలిండర్ల మధ్య తేడా 10-15 శాతం దాటకూడదు. తక్కువ చూపిన సిలిండర్‌లో మెకానిక్ కొద్దిగా ఆయిల్ వేసి మళ్లీ చూస్తే అంకె పెరుగుతుందా లేదా తెలుస్తుంది. పెరిగితే రింగులు, లైనర్. పెరగకపోతే వాల్వు లేదా గాస్కెట్. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ తగ్గితే వాటి మధ్య గాస్కెట్. ఆయిల్ ఎక్కువ పోస్తే ఇంజన్ బిగుసుకుని దెబ్బతింటుంది కనుక ఈ పని తెలిసినవారే చేయాలి.

టాపెట్ గ్యాపు తగ్గి వాల్వు పూర్తిగా మూసుకోకపోవడం వల్ల కంప్రెషన్ పడిపోయిన బండ్లూ ఉంటాయి. అది సెట్టింగ్‌తో పోయే పని. కాబట్టి ప్రతి సిలిండర్ రీడింగును, ఆయిల్ వేయక ముందు ఒకటి, వేశాక ఒకటి, కాగితంపై రాయించుకోండి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా హెడ్ విప్పనివ్వకండి.