సున్నాలూ ఇంటూలూ: తారుమారైన లోకాల కథలు

వర్ణవివక్ష అనగానే మనకు దక్షిణాఫ్రికా, అమెరికా గుర్తొస్తాయి. 1893లో పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో గాంధీజీని రైలు నుంచి దింపేసిన సంగతి చిన్న తరగతుల్లోనే చదువుకుంటాం. పరీక్షలో అడిగితే నాలుగు వాక్యాలు రాసి మార్కులు తెచ్చుకుంటాం. గమనించారా, ఆ పాఠంలో మనం ఎప్పుడూ దెబ్బతిన్న పక్షమే. తప్పు చేసినవాళ్ళు ఎక్కడో దూరాన ఉన్న వేరెవరో. అందుకే ఆ పాఠం చదవడం మనకు తేలిక.

ఆ తేలికతనాన్ని తీసేసే కథలు కొన్ని ఉన్నాయి. వాటిలో రచయిత లోకాన్ని తారుమారు చేస్తాడు. పైనున్నవాళ్ళు కిందికి వస్తారు, కిందివాళ్ళు పైకి వెళతారు. మిగతాదంతా, అంటే బడి, బజారు, ఇల్లు, పోలీసు, పెళ్ళి అన్నీ ఎప్పటిలాగే ఉంటాయి. మీ వయసు పిల్లల కోసం రాసిన అలాంటి నవలల్లో పేరున్నది ఒకటి ఉంది. దాని గురించీ, అలాంటి కథలు ఎలా పనిచేస్తాయన్నదాని గురించీ ఈ వ్యాసంలో చెప్పాలనుకుంటున్నాం.

ముందుగా ఒక మాట. ఈ పద్ధతి తెలుగుకు కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1890లలో ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’ రాశారు. జోనథన్ స్విఫ్ట్ రాసిన గలివర్ యాత్రల బాటలో నడిచిన పుస్తకం అది. అందులో సత్యరాజు ‘ఆడుమళయాళం’ అనే దేశం చేరతాడు. అక్కడ పెత్తనమంతా స్త్రీలది, అణిగిమణిగి ఉండాల్సింది పురుషులు. మన దేశంలో ఆడవాళ్ళ నెత్తిన ఏ కట్టుబాట్లు ఉన్నాయో, అక్కడ అవే మగవాళ్ళ నెత్తిన ఉంటాయి. 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించి నానా మాటలు పడ్డ మనిషి ఈ కథ ఎందుకు రాశారో ఊహించడం కష్టం కాదు. ఉపన్యాసానికి తల ఊపి మర్చిపోయేవాళ్ళు కూడా, తమకే ముసుగు వేసిన కథ చదివితే ఉలిక్కిపడతారు. 1905లో బెంగాల్‌కు చెందిన రొకేయా సఖావత్ హుస్సేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’లో ఇదే పని చేశారు. ఆమె కథలో మగవాళ్ళు జనానా లాంటి గదుల్లో ఉంటే, ఆడవాళ్ళు విజ్ఞానశాస్త్రంతో దేశాన్ని నడుపుతారు. ఆ కథ మొదట అచ్చయింది మద్రాసు నుంచి వచ్చే ఒక ఇంగ్లీషు పత్రికలోనే.

వీళ్ళిద్దరూ తారుమారు చేసింది స్త్రీపురుషుల స్థానాలను. మాలరీ బ్లాక్‌మన్ రంగును తారుమారు చేశారు. ఆమె బ్రిటన్ రచయిత్రి. లండన్‌లో పుట్టారు, తల్లిదండ్రులు కరీబియన్ దీవి బార్బడోస్ నుంచి వచ్చినవాళ్ళు. 2001లో ఆమె రాసిన ‘నాట్స్ అండ్ క్రాసెస్’ ఎంత పేరు తెచ్చుకుందంటే, 2020లో బీబీసీ దాన్ని టీవీ ధారావాహికగా తీసింది. ఆ పేరు మీకు బాగా తెలిసిన ఆటదే. నోటుపుస్తకం చివరి పేజీలో అడ్డంగా రెండు గీతలు, నిలువుగా రెండు గీతలు గీసి ఆడే సున్నా–ఇంటూ ఆట. ఇద్దరూ జాగ్రత్తగా ఆడితే ఆ ఆటలో ఎవరూ గెలవరు. నవలకు ఆ పేరు ఊరికే పెట్టలేదు.

ఆ లోకంలో ‘క్రాస్’లు, అంటే ఇంటూలు, నల్లని చర్మం ఉన్నవాళ్ళు. పదవులు, డబ్బు, మంచి బడులు అన్నీ వాళ్ళవే. ‘నాట్’లు, అంటే సున్నాలు, తెల్లని చర్మం ఉన్నవాళ్ళు. ఒకప్పుడు బానిసలు, ఇప్పుడు పేరుకు స్వతంత్రులు. సెఫీ ఒక పెద్ద క్రాస్ రాజకీయ నాయకుడి కూతురు. కాలమ్ నాట్ కుర్రాడు. అతని తల్లి సెఫీ వాళ్ళింట్లో పనిచేసేది, కాబట్టి ఇద్దరూ చిన్నప్పటి నుంచీ స్నేహితులు. క్రాస్‌ల బడిలోకి మొదటిసారి కొద్దిమంది నాట్ పిల్లలను చేర్చుకోవడంతో అసలు కథ మొదలవుతుంది. ఒక అధ్యాయం సెఫీ చెబితే తర్వాతది కాలమ్ చెబుతాడు. ఒకే రోజు, ఒకే గది, ఒకే సంఘటన ఇద్దరికీ రెండు రకాలుగా కనిపిస్తుంది. ముగింపు మేము చెప్పం. హింస, విషాదం ఉన్న పుస్తకం కనుక తొమ్మిదో తరగతి దాటినవాళ్ళు చదివితే మంచిది.

ఈ తారుమారు ఎలా పనిచేస్తుందో చూడటానికి మూడు చిన్న విషయాలు తీసుకుందాం.

మొదటిది, గాయానికి అంటించే ప్లాస్టర్. బడిలో ఒక నాట్ అమ్మాయి నుదుటికి ప్లాస్టర్ ఉంటుంది. ఆమె చర్మం తెలుపు, ప్లాస్టర్ ముదురు గోధుమరంగు. ఎందుకంటే ఆ దేశంలో ప్లాస్టర్లు ఆ రంగులోనే దొరుకుతాయి. ఎవరూ ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. కానీ ‘మనిషి’ అంటే క్రాసే అని ఆ చిన్న ముక్క రోజంతా చెబుతూనే ఉంటుంది. ఇప్పుడు మీ డ్రాయింగ్ పెట్టె తెరవండి. ‘స్కిన్ కలర్’ అని మీరు పిలిచే క్రేయాన్ ఏ రంగులో ఉంది? లేత గులాబీ కలిసిన గోధుమరంగు. ఆ రంగు మన తరగతిలో ఎంతమంది చర్మానికి సరిపోతుంది? ఆ క్రేయాన్‌కు ఆ పేరు ఉండటం వింత అని మనలో చాలామందికి ఎప్పుడూ అనిపించలేదు. తారుమారు కథ చేసే మొదటి పని ఇదే. మామూలుగా కనిపించేదాన్ని వింతగా చూపిస్తుంది.

రెండోది, చరిత్ర పాఠం. కాలమ్ కూర్చున్న తరగతిలో చరిత్ర అంటే క్రాస్‌లు కనిపెట్టినవి, క్రాస్‌లు సాధించినవి మాత్రమే. తనవాళ్ళ పేరు ఒక్కటీ ఉండదు. చదివే పాఠకుడికి ఇది అన్యాయం అనిపిస్తుంది. కానీ ఆ పాఠంలో వినిపించే నల్లజాతివాళ్ళ పేర్లు కల్పన కాదు, నిజంగా బతికినవాళ్ళవి. మన పుస్తకాల్లోనే వాళ్ళు అరుదు. ట్రాఫిక్ సిగ్నల్ మీద 1923లో అమెరికాలో పేటెంట్ పొందిన గారెట్ మోర్గన్ నల్లజాతివాడని మనలో ఎంతమందికి తెలుసు? కథలోని పుస్తకం సగమే చెబుతోందని గుర్తించిన పాఠకుడు, తన పుస్తకం ఎంత చెబుతోందో అడగడం మొదలుపెడతాడు.

మూడోది అన్నిటికంటే కష్టమైనది. నాట్ పిల్లలు మొదటిరోజు బడికి వచ్చినప్పుడు బయట క్రాస్‌ల గుంపు అల్లరి చేస్తుంది. 1957లో అమెరికాలోని లిటిల్ రాక్ బడిలోకి తొమ్మిదిమంది నల్లజాతి పిల్లలు వెళ్ళినప్పటి గుంపులు గుర్తుకొస్తాయి. సెఫీ మంచి పిల్ల. తనవాళ్ళ గుంపునే ఎదిరించి అరుస్తుంది. కానీ వాళ్ళను సిగ్గుపరచడానికి ఆమె నోట వచ్చిన మాట, నాట్‌లను హేళన చేసే తిట్టుమాట. అది కాలమ్ చెవిన పడుతుంది. ఆమె మనసులో ద్వేషం లేదు. మరి మాట ఎక్కడి నుంచి వచ్చింది? చుట్టూ గాలిలో ఉంది, నోట్లోకి వచ్చింది. ‘నేను మంచివాడినే కదా’ అన్న ధీమా ఒక్కటే చాలదని ఈ ఘట్టం చెబుతుంది.

ఇదంతా పుస్తకంలో చదవాలా, తరగతిలో ఆడించి చూపకూడదా అని మీరు అడగవచ్చు. ఒక ఉపాధ్యాయురాలు ఆడించింది. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, అమెరికాలోని అయోవా రాష్ట్రం రైస్‌విల్ అనే చిన్న ఊళ్ళో జేన్ ఇలియట్ తన మూడో తరగతి పిల్లలను కళ్ళ రంగును బట్టి రెండు గుంపులు చేసింది. ఒక గుంపు గొప్పదని చెప్పి సదుపాయాలు ఇచ్చింది, రెండో గుంపుకు అవి తీసేసింది. తర్వాత గుంపులను తారుమారు చేసింది. కొన్ని గంటల్లోనే పెత్తనం దొరికిన పిల్లలు దర్పం చూపించడం, కిందికి పడ్డ పిల్లలు ముడుచుకుపోయి చదువులో తడబడటం ఆమె గమనించింది. ఆ ప్రయోగాన్ని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, చిన్నపిల్లల మనసు గాయపరిచిందని తప్పుపట్టినవాళ్ళూ ఉన్నారు. మేము రెండో పక్షం వైపే మొగ్గుతాం. పుస్తకం అదే పాఠం చెబుతుంది. భరించలేకపోతే మూసి పక్కన పెట్టే స్వేచ్ఛ కూడా ఇస్తుంది.

అయితే ఈ రకం కథకు రెండు హద్దులున్నాయి. ఒకటి, ‘ఎవరికి అధికారం వచ్చినా ఇంతే, కాబట్టి ఎవరిదీ తప్పు లేదు’ అని తేల్చేసే ప్రమాదం ఉంది. కథ చెప్పేది అది కాదు. అధికారం పుట్టుకతోనో రంగుతోనో రాలేదు, మనుషులు పెట్టుకున్న ఏర్పాటు అది, కాబట్టి మనుషులే మార్చగలరు అని చెబుతోంది. రెండు, ఈ కథ ముఖ్యంగా పైనున్నవాడి కళ్ళు తెరిపించడానికి. కిందున్నవాడికి తన బాధ తెలియడానికి తారుమారు అక్కర్లేదు. అతని మాట అతని నోటే వినాలి. పన్నెండో తరగతి ‘విస్టాస్’ పుస్తకంలో జిత్కాలా షా, బామ తమ చిన్నతనం గురించి రాసిన పాఠం ఉంది. తెలుగులో గుర్రం జాషువా ‘గబ్బిలం’ ఉంది. ‘నాట్స్ అండ్ క్రాసెస్’ చదివినవాళ్ళు వీటినీ చదవాలి.

ఇక మన సంగతి. బదిలీ ఉద్యోగుల పిల్లలకు ఈ నవల మిగతావాళ్ళకంటే త్వరగా అర్థమవుతుందని మా నమ్మకం. ఎందుకంటే తారుమారు మీకు కథ కాదు, రెండుమూడేళ్ళకోసారి చేతికొచ్చే టీసీ. ఒక ఊళ్ళో మీ భాషే అందరి భాష, మీ టిఫిన్ డబ్బానే అందరి డబ్బా. ఇంకో ఊళ్ళో మీరు ఒక్కరే. వింధ్య దాటితే చాలు, తెలుగువాడు, కన్నడిగుడు, మలయాళీ అందరూ కలిసి ‘మద్రాసీ’ అయిపోతారు. ఆ మాట మనకు ఎలా గుచ్చుకుంటుందో తెలుసు. ఈశాన్య రాష్ట్రాల పిల్లలకు ఇంకా ఘోరమైన మాటలు వినిపిస్తాయి. 2014 జనవరిలో అరుణాచల్ విద్యార్థి నిడో తానియా ఢిల్లీలో తన రూపాన్ని హేళన చేసినవాళ్ళతో జరిగిన గొడవలో దెబ్బలు తిని చనిపోయాడు. ఆ తర్వాతే కేంద్రం బెజ్‌బరువా కమిటీని వేసింది. వర్ణవివక్ష సముద్రాల అవతలిది మాత్రమే కాదు.

ఇప్పుడు మేముంటున్న ఈ డైరీ ఫార్మ్ సందుల్లో ఒక సాయంత్రం నడిస్తే తెలుగు, తమిళం, బెంగాలీ, మలయాళం, అండమాన్ హిందీ అన్నీ చెవిన పడతాయి. దీవుల జనాభాలో తెలుగువాళ్ళు ఎనిమిదోవంతుకు అటూఇటూగా ఉన్నారు. ఇక్కడ మనం కొత్తా కాదు, ఒంటరులమూ కాదు. కాబట్టి మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న మారుతుంది. ఛోటానాగ్‌పూర్ నుంచి 1918 మొదలుకొని అడవి పనులకు తెచ్చిన ఒరావ్, ముండా, ఖడియా కుటుంబాలను ఇక్కడ అందరూ ‘రాంచీవాలా’ అనే అంటారు. మూడు జాతులు, మూడు భాషలు, ఒకే పేరు. ‘మద్రాసీ’ అంటే ముఖం చిన్నబుచ్చుకునే మనం, ‘రాంచీ’ అనేటప్పుడు ఒక్క క్షణం ఆగుతున్నామా?

ఇంకో ఉదాహరణ చూద్దాం. బారాటాంగ్ సున్నపురాయి గుహలు చూడటానికి మనలో చాలామంది వెళ్ళారు, వెళతారు. జిర్కాటాంగ్ దగ్గర వాహనాలన్నీ వరుసకట్టి బయల్దేరతాయి. దారి జారవాల అడవి గుండా పోతుంది. వాళ్ళు ఈ దీవుల్లో మనందరికంటే వేల ఏళ్ళ ముందు నుంచీ ఉన్నవాళ్ళు. 2011 జనగణనలో వాళ్ళ సంఖ్య 380. ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, తినుబండారాలు ఇవ్వకూడదు అని నిబంధన. అయినా 2012లో తిండి ఆశ చూపి జారవా స్త్రీలను డాన్సు చేయమన్న వీడియో బయటికొచ్చి ప్రపంచమంతా చూసింది.

ఇక్కడ కథలోలాగా స్థానాలు మార్చి చూడండి. మీ ఇంటి గుమ్మం ముందు నుంచి రోజూ బస్సులు వరుసగా పోతున్నాయి. కిటికీల్లోంచి ముఖాలు తొంగి చూస్తున్నాయి. మీ అమ్మ బయట నిలబడి ఉంటే వేలు పెట్టి చూపించి నవ్వుతున్నారు, బిస్కెట్లు విసురుతున్నారు. మిమ్మల్ని చూశామని ఊరికి వెళ్ళి చెప్పుకుంటారు. మీ పేరు మాత్రం ఎవరూ అడగరు. ఈ ఊహ జారవాల మనసులో ఏముందో మనకు చెప్పదు, అంత గొప్ప మాట మేము అనం. బస్సులో కూర్చున్నది ఎవరో మాత్రం చెబుతుంది. గాంధీజీ రైలు పాఠంలో మనం కిందికి దింపబడ్డవాళ్ళం. ఈ బస్సులో సీటు మనదే.

మీ ఇంట్లో, వీధిలో, బస్సులో మామూలుగా వినిపించే ఒక వాక్యం తీసుకోండి. ‘పిల్ల నలుపైనా కళగా ఉంటుంది’ లాంటిది ఏదైనా సరే. అందులోని రెండు పక్షాలనూ మార్చి ‘పిల్ల తెలుపైనా కళగా ఉంటుంది’ అని పైకి చదవండి. నవ్వొచ్చినా, కోపమొచ్చినా ఆ వాక్యాన్ని నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. వచ్చే వారం తెలుగు పీరియడ్‌లో ఆ వాక్యాలు ఒక్కొక్కటీ బోర్డు మీద రాసి మాట్లాడుకుందాం. పేర్లు అక్కర్లేదు, వాక్యాలు చాలు.