సంభాషణ నియమభంగము - టెలివిజన్ హాస్యము

హాస్యరసమునకు విభావములను చెప్పుచు భరతుడు వికృతవేషాదులతోపాటు అసత్ప్రలాపమును గూడ పేర్కొనెను. మాట దారి తప్పుట నవ్వునకు హేతువని ప్రాచీనులే గుర్తించిరన్నమాట. అయితే మాటకు సరియైన దారి యేది? 1967లో నొసగిన ఉపన్యాసములలో హెచ్. పి. గ్రైస్ అను తత్త్వవేత్త దీనికి సమాధానము చెప్పెను. సంభాషించువారు పరస్పర సహకారముతో మాటలాడుదురనియు, ఆ సహకారమునకు నాలుగు నియమములు కలవనియు ఆయన మతము. కావలసినంతయే చెప్పుట, సత్యమని నమ్మినదే చెప్పుట, ప్రస్తుతమునకు సంబంధించినదే చెప్పుట, స్పష్టముగా చెప్పుట అనునవి ఆ నాలుగు.

జూబ్లీహిల్స్, ఫిలింనగరు ప్రాంతములు కేంద్రముగా గల హైదరాబాదు చిత్రపరిశ్రమలోని వారు టెలివిజనునకును హాస్యము నందించిరి. గుణ్ణం గంగరాజు నిర్మించిన 'అమృతం' 2001 నుండి 2007 వరకు జెమిని టీవీలో ప్రసారమైనది. అందు అమృతరావు, ఆంజనేయులు అను మిత్రులు హోటలు నడుపుదురు. అప్పాజీ వారి ఇంటి యజమాని. ఇట్టి సన్నివేశమునకు మేము కల్పించిన ఉదాహరణ మిది.

"అద్దె యెప్పుడిస్తారు?"

"కాఫీలో పంచదార సరిపోయిందాండీ?"

అడిగినదానికిని చెప్పినదానికిని సంబంధము లేదు. మూడవ నియమము భంగమైనది. కాని చేతిలో డబ్బు లేదను విషయము ప్రేక్షకునకు సంపూర్ణముగా తెలిసినది. ఇందలి రహస్యమిదియే. పాత్రల నడుమ తెగిన సహకారము రచయితకును ప్రేక్షకునకును నడుమ చెక్కుచెదరక నిలిచియున్నది. తెగిన దారమును ప్రేక్షకుడు తానే ముడివేసికొనును. ఆ ముడి పడిన క్షణమున నవ్వు పుట్టును. ముడి పడనిచో మిగులునది అయోమయమే.

తక్కిన నియమములకును ఇదియే రీతి. మాటను కావలసినదానికంటె సాగదీయుట మొదటి నియమమునకు భంగము. జంధ్యాల 1982లో తీసిన 'నాలుగు స్తంభాలాట' తరువాత 'సుత్తి' యను మాట వీరభద్రరావు, వేలు అను నటుల పేర్లకు ముందు చేరి, విసుగుపుట్టించు ప్రసంగమునకు పర్యాయపదమైనది. కోతలు కోయుట రెండవదానికి భంగము. ఒకరు ఒక అర్థమున పలికినదానిని వేరొకరు మరియొక అర్థమున గ్రహించుట నాలుగవదానికి చేరును. దీనిని మన ఆలంకారికులు వక్రోక్తి యనిరి.

మర్యాద వంటి నియమములు వేరుగా గలవని గ్రైస్ సూచించి విడిచెను. తెలుగున అది విడువరానిది. "అల్లుడుగారూ" అని పిలుచుచున్న మామ, అల్లుడు అప్పడిగినంతనే "ఏమోయ్" అనినచో, పిలుపు మారుటయే సమాధానమగును.

ఇచట పరిశోధకులు గమనింపవలసిన దొకటి కలదు. తెలుగు చలనచిత్రములు చిరకాలము తెలంగాణ మాండలికమును హాస్యపాత్రలకును ప్రతినాయకులకును కేటాయించినవను విమర్శ న్యాయమైనది. మాండలికము నియమభంగము కాదు. దానిని పలుకువారి నడుమ అది నియమబద్ధమైన భాషయే. కావున నవ్వు వినబడిన ప్రతిచోట, భంగమైన నియమమేది, దానిని ప్రేక్షకుడెట్లు పూరించెను అని ప్రశ్నింపవలెను. సమాధానము దొరకక, ఒకని యాసయో రూపమో మాత్రమే గురియై కనబడినచో, అది సంభాషణ హాస్యము గాదు, పరిహాసము మాత్రమే.