ఉగ్గుగిన్నెలో సోయా మజ్జిగా?

కోల్‌కతా దగ్గరి లిలువా రైల్వే క్వార్టర్స్ నుంచి ఒక తెలుగు తల్లి రాసిన ఉత్తరం ఎడిటర్ గారి బల్ల మీదికి చేరింది. తొమ్మిది నెలల బాబుకి ఆవుపాలు పడితే ఒళ్లంతా దద్దుర్లు. షాపులో పులియబెట్టిన సోయా డ్రింకు దొరుకుతోంది, ‘కడుపుకి మేలుచేసే బాక్టీరియా’ అని సీసా మీద రాసుంది, పట్టొచ్చా అని అడిగింది. ‘ముఖచిత్ర కథనం చేసేయండి, గురువారానికి కావాలి’ అన్నారు ఎడిటర్ గారు. పెరుగన్నం తిని పెరిగినదాన్ని. సీసాలో పోసి ఆ పెరుగు బాక్టీరియా లాక్టోబాసిల్లస్‌నే అమ్ముతున్నారంటే నాకు ముందే అనుమానం. ఆ సంగతి గుర్తుపెట్టుకునే చదవండి.

జవాబు ముందే చెప్పేస్తాను. ఏడాది నిండేదాకా తల్లిపాలకి గానీ ఫార్ములాకి గానీ బదులుగా ఏ సోయా డ్రింకూ పట్టకూడదు. పులిసినదైనా అంతే, పులియనిదైనా అంతే. పాలు పడని బిడ్డకి డాక్టరు రాసే ప్రత్యేక ఫార్ములా వేరు, షాపు డ్రింకు వేరు. పైగా పాలు పడని పిల్లల్లో కొందరికి సోయా కూడా పడదు. కాబట్టి దద్దుర్లు వచ్చిన బాబుకి రుచి చూపించడం కూడా పిల్లల డాక్టరును అడిగాకే. ఏడాది దాటిన పిల్లలకైతే చక్కెర లేనిది, కాల్షియం కలిపినది, ఫ్రిజ్‌లో ఉంచి అమ్మేది చూసి, అన్నంతో పాటు చిన్న గ్లాసుతో కొద్దిగా ఇవ్వొచ్చు. పాలు, పెరుగు హాయిగా అరిగే పిల్లలకి దీని అవసరమే లేదు.

ఈ పనిలో చదివిన కాగితాల్లో నన్ను పట్టుకుని వదలనిది ఒక్కటే. లిలువా నుంచి హుగ్లీ దాటి అటు వెళ్తే బేలియాఘాటాలో అప్పట్లో నైసెడ్ అని పిలిచిన సంస్థ ఉంది. కలరా, విరేచనాల మీద పనిచేసే ఐసీఎంఆర్ సంస్థ. కోల్‌కతాలోని ఒక మురికివాడలో వాళ్లు చేసిన పరీక్ష 2011లో ‘ఎపిడెమియాలజీ అండ్ ఇన్ఫెక్షన్’ పత్రికలో అచ్చయింది. ఏడాది నుంచి అయిదేళ్ల మధ్య పిల్లలు 3,758 మంది. ఒక జట్టుకి రోజూ షిరోటా రకం లాక్టోబాసిల్లస్ ఉన్న పానీయం ఇచ్చారు. యాకుల్ట్ అనే పులిసిన పాల పానీయంలో ఉండే బాక్టీరియా అదే. రెండో జట్టుకి ఆ బాక్టీరియా లేని పోషక పానీయం. ఏ బిడ్డకి ఏది పడుతున్నారో తల్లికీ తెలియదు, ఇచ్చేవాళ్లకీ తెలియదు. పన్నెండు వారాలు తాగించి, మరో పన్నెండు వారాలు కనిపెట్టి చూశారు.

బాక్టీరియా జట్టులో 608 మందికి విరేచనాలయ్యాయి, రెండో జట్టులో 674 మందికి. రక్షణ 14 శాతమని తేల్చారు. పిల్లలకి కీడేమీ జరగలేదని కూడా రాశారు. ప్రకటనలు రాసేవాళ్లకి ఆ 14 చాలు. నేను మాత్రం కాగితం, పెన్నూ తీసుకుని కూర్చున్నాను. జట్టుకి దాదాపు 1,880 మంది అనుకుంటే, తేడా 66. అంటే 28 మంది పిల్లలు పన్నెండు వారాలు రోజూ తాగితే ఒక్కరికి జబ్బు తప్పిందన్నమాట. రోజుకొకటి చొప్పున సీసాలు లెక్కేస్తే సుమారు 2,400. రైల్వే జీతంలో ఆ బిల్లు ఎంతవుతుందో మీరే వేసుకోండి.

అంతకన్నా కలవరపెట్టిన అంకె ఇంకోటుంది. రెండు జట్లూ కలిపితే 1,282 మంది. ఆరు నెలలు తిరక్కుండానే ముగ్గురిలో ఒకరు జబ్బుపడ్డారు. తాగే నీళ్లూ, మురుగుకాలవా అలాగే ఉంటే ఏ సీసా మాత్రం ఎంతని అడ్డుపడుతుంది?

ఇక లిలువా తల్లికి పనికొచ్చే సంగతి. ఆ 3,758 మందిలో ఏడాది లోపు బిడ్డ ఒక్కరూ లేరు. వాళ్లు తాగింది పాలతో పులిసినది, సోయాతో కాదు. ఒక రకం బాక్టీరియాకి పడ్డ మార్కులు ఇంకో రకానికి వేసుకోకూడదు. సోయా సీసాల మీది మేలుచేసే బాక్టీరియా మాటకి ఈ పరీక్ష సాక్ష్యం చెప్పదు.

నా అనుమానానికి గట్టి ఎదురుదెబ్బ మాత్రం పక్కనున్న ఒడిశా నుంచే తగిలింది. అక్కడి పల్లెల్లో 4,556 మంది పసికందుల మీద జరిగిన పరీక్ష 2017లో ‘నేచర్’లో వచ్చింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌కి ఒక రకం పీచుపదార్థం కలిపి ఏడు రోజులు ఇస్తే, ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్, మరణం కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి దిగాయి. తీసిపారేయలేని ఫలితం. కానీ అది తల్లిపాలు తాగే బిడ్డలకి కొలిచి, కనిపెట్టి ఇచ్చిన మందు.

పులిసిన పానీయాల, సోయా చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1935లో జపాన్‌లో యాకుల్ట్ అమ్మకానికొచ్చింది. అదే ఏడాది వార్ధా మగన్‌వాడీలో గాంధీగారు సోయా గింజలు వండించి ‘హరిజన్’లో రాశారు. డార్జిలింగ్ కొండల్లో పులిసిన సోయాని కినెమా పేరుతో ఎప్పట్నుంచో తింటున్నారు. మనకి తరవాణి ఉండనే ఉంది.

ఇంట్లోనే చేసుకుంటామనేవాళ్లకి అసలు చిక్కు పొయ్యి దగ్గర. నానబెట్టి రుబ్బి వడకట్టిన సోయాపాలు 80 డిగ్రీల దగ్గరే నురగ కట్టి గిన్నె అంచుదాకా వచ్చేస్తాయి. పొంగాయనుకుని దించేస్తారు. అది పొంగు కాదు, ఉత్త నురగ. ప్రొటీన్ అరక్కుండా అడ్డుపడే పదార్థం పచ్చి సోయాలో ఉంటుంది, అప్పటికింకా నశించదు. నురగ అణిగేలా తిప్పుతూ, నిజంగా మరిగాక సన్నని సెగ మీద పది నిమిషాలైనా ఉంచాలి. చల్లార్చాక మనవాళ్లు చేసేది చెంచాడు పెరుగు తోడు వేయడం. పాలు పడని బిడ్డ కోసం సోయా మొదలుపెట్టి, అందులో ఆవుపాల పెరుగే కలిపితే దద్దుర్లని చేతులారా పిలిచినట్టే.

<b>మొదటిసారి పడుతుంటే</b>
పొద్దున పూట, బిడ్డ కులాసాగా ఉన్నరోజు, ఒకటి రెండు చెంచాలు. ఆ రోజు ఇంకే కొత్త పదార్థమూ వద్దు. అలర్జీ అయితే చాలావరకు రెండు గంటల్లోపే దద్దుర్లో, పెదాల వాపో, వాంతులో కనిపిస్తాయి. ఇంకో రకంలో కొన్ని గంటలు గడిచాక ఆగని వాంతులతో బిడ్డ వాలిపోతుంది. ఊపిరి ఆడకపోయినా, బిడ్డ వాలిపోయినా ఇంట్లో వైద్యం చేస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకీ, రోగనిరోధక శక్తి తక్కువున్న బిడ్డకీ ఈ బాక్టీరియా పానీయాలు డాక్టరు చెప్పనిదే వద్దు.

<b>మిగిలిపోయినవి</b>
రెండేళ్లలోపు పిల్లలకి తీపి పానీయాలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో చెప్పింది. లేబుల్ మీద చక్కెర ఉంటే సీసా అక్కడే పెట్టేసి రండి. కలిపిన కాల్షియం అడుగున పేరుకుంటుంది, బాగా కుదిపి పోయాలి. విరేచనాలు పట్టుకుంటే ముందు గుర్తుకు రావాల్సింది ఓఆర్ఎస్. 1971లో బొంగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ దాంతోనే కలరా మరణాలను 3.6 శాతానికి దించారు. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డకి సోయా మొదలుపెడితే మాత్ర మోతాదు మార్చాల్సి రావొచ్చు, ఆ మాత్ర రాసే డాక్టరుకి ముందే చెప్పండి.