కృష్ణమ్మ కడలిలో కలిసే చోట మడ అడవి

అవనిగడ్డ సమీపంలోని పులిగడ్డ వద్ద కృష్ణానది రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్న నేలే దివిసీమ. ప్రధాన పాయ చివరికి వెళ్లేసరికి మళ్లీ మూడుగా విడిపోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. మంచినీరూ ఉప్పునీరూ కలగలిసే ఈ మొగల చుట్టూ ఉన్న బురద నేలల్లో పెరిగేవే మడ అడవులు. కృష్ణా జిల్లా నాగాయలంక, కోడూరు మండలాల నుంచి నది అవతల బాపట్ల జిల్లా రేపల్లె, నిజాంపట్నం ప్రాంతాల దాకా ఇవి పరుచుకుని ఉన్నాయి. సొర్లగొంది, నాచుగుంట, ఏలిచెట్లదిబ్బ, అడవులదీవి, లంకెవానిదిబ్బ వంటి రిజర్వు అడవులను కలిపి దాదాపు 195 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు.

డెల్టా ఎగువన ఉన్న ఉయ్యూరు చుట్టూ చూస్తే చెరకు తోటలు, వరి చేలు, కాలువ గట్లు తప్ప అడవి కనిపించదు. డెల్టా ఎగువ భాగం ఎన్నో తరాల కిందటే సాగులోకి వచ్చింది. విజయవాడ, ఉయ్యూరు ప్రాంతాల వారికి దగ్గరలో మిగిలిన సహజమైన అడవులు ప్రధానంగా రెండు. ఒకటి కొండపల్లి కొండల మీది అడవి. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి కర్ర అక్కడిదే. రెండోది నది చివరన ఉన్న మడ. ఉయ్యూరు పొలాలను తడిపే నీరూ, మడను బతికించే నీరూ ఒకే నదివి. అందుకే ఈ అడవి గురించి తీరప్రాంతం వారితో పాటు డెల్టా రైతులందరూ తెలుసుకోవాలి.

ఉప్పునీటిలో బతికే చెట్లు

మామూలు చెట్టు వేళ్లకు ఉప్పునీరు తగిలితే కొద్ది రోజుల్లోనే వాడిపోతుంది. మడ చెట్లు రోజుకు రెండుసార్లు వచ్చే పోటునీటిలో మునిగి తేలుతూ పెరుగుతాయి. తెల్లమడ, నల్లమడ చెట్లు తాగిన ఉప్పును ఆకుల మీద ఉండే గ్రంథుల ద్వారా బయటికి పంపేస్తాయి. ఎండ కాసినప్పుడు ఆ ఆకుల మీద తెల్లటి ఉప్పు పొడి కనిపిస్తుంది. బురదలో గాలి ఆడదు కాబట్టి ఈ చెట్ల చుట్టూ వేళ్లు నేలలోంచి పైకి పొడుచుకు వచ్చి గాలి పీలుస్తాయి. పొన్న జాతి చెట్లలో గింజ కొమ్మనుండగానే మొలకెత్తి, పొడవాటి మొలకగా బురదలో పడి నాటుకుంటుంది. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. అందుకే కట్టెలు కొట్టేవారు దాని జోలికి వెళ్లాలంటే జంకుతారు.

ఈ వేళ్ల నీడలో రొయ్య పిల్లలు, చేప పిల్లలు, మడపీతలు పెరుగుతాయి. సముద్రంలో వల వేసే జాలరికి దొరికే సరుకులో చాలా భాగం చిన్నతనంలో మడలో పెరిగినదే. నీటికుక్కలు, వలస పక్షులు, చేపలు పట్టి తినే నీటిపిల్లి ఇక్కడే ఉంటాయి. ప్రపంచంలో తరిగిపోతున్న జంతువుల జాబితాలో ఉన్న ఈ నీటిపిల్లికి కృష్ణా, గోదావరి మడ అడవులు ముఖ్యమైన ఆశ్రయాలు.

ఉప్పెనకు అడ్డు

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను కృష్ణా జిల్లా నేటికీ మరచిపోలేదు. ఐదు మీటర్ల ఎత్తున లేచిన నీరు ఊళ్ల మీద పడి కనీసం పది వేల మందిని పొట్టనబెట్టుకుంది. మడ అడవి నిండుగా ఉన్నా అంతటి నీటిని పూర్తిగా ఆపగలిగేది కాదు. దానికి ఎంత శక్తి ఉందో పరిశోధనలు కొలిచి చెప్పాయి. వంద మీటర్ల వెడల్పున్న మడ గాలి అలల ఎత్తును 13 నుంచి 66 శాతం దాకా తగ్గిస్తుంది. ఉప్పెన నీటిమట్టాన్ని మాత్రం కిలోమీటరు వెడల్పున్న మడ 5 నుంచి 50 సెంటీమీటర్ల వరకే తగ్గించగలదు. అయినా ఆ తేడా ప్రాణాలు నిలుపుతుంది. 1999 నాటి ఒడిశా పెను తుపానులో కేంద్రపడా జిల్లాలో తమకూ సముద్రానికీ మధ్య వెడల్పాటి మడ ఉన్న ఊళ్లలో మరణాలు తక్కువగా నమోదయ్యాయని 2009లో వెలువడిన అధ్యయనం తేల్చింది. తుపాను హెచ్చరికలు, రక్షణ భవనాలు, కరకట్టలతో పాటు మడ కూడా ఉండాలని, వాటిలో ఏ ఒక్కటీ మరొకదానికి బదులు కాదని దీనివల్ల స్పష్టమవుతుంది.

మడ వాతావరణానికి చేసే మేలు మరొకటి. మడలో నిల్వ ఉండే కర్బనంలో ఎక్కువ భాగం కింది బురదలో చేరి శతాబ్దాల తరబడి నిలిచి ఉంటుంది. అదే విస్తీర్ణంలోని మెట్ట అడవితో పోలిస్తే మడలో ఉండే నిల్వ అనేక రెట్లు ఎక్కువ. మడను నరికి తవ్వితే ఆ నిల్వ మళ్లీ గాలిలో కలుస్తుంది.

తరిగిపోయిన తీరు

ఒకప్పుడు మడకు ముప్పు అంటే వంటచెరకు, దడికర్రలు, పశువుల మేత. తీరంలోని పేదలు అవసరం కొద్దీ కొట్టుకున్న కట్టెతో అడవి పలచబడినా, నేల మిగిలేది కాబట్టి మళ్లీ మొలిచేది. 1990ల మొదట్లో వచ్చిన రొయ్యల సాగు ఆ పరిస్థితిని మార్చింది. టైగర్ రొయ్యకు విదేశాల్లో మంచి ధర పలకడంతో తీరమంతా చెరువులు వెలిశాయి. గట్లు వేసి చెరువు తవ్వితే ఆటుపోట్లు ఆగిపోతాయి, చెట్టు మొలిచే నేలే పోతుంది. ఆ దశాబ్దం మధ్యలో తెల్లమచ్చ వ్యాధి వచ్చి రొయ్యలు కుప్పలుగా చచ్చిపోయాయి. చాలా చెరువులు వట్టిపోయాయి. 2009 తర్వాత వనామీ రొయ్య రావడంతో సాగు మళ్లీ ఊపందుకుంది. వేలాది కుటుంబాలకు అది జీవనాధారం, రాష్ట్రానికి పెద్ద ఎగుమతి ఆదాయం. మడ నేలను వదిలి మిగిలిన చోట్ల, కాలుష్యాన్ని అదుపులో ఉంచుతూ సాగు చేయడమే దీనికి న్యాయమైన దారి.

పైకి కనిపించని మరో కారణం నీటిలో ఉంది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఎగువన నాగార్జునసాగర్, శ్రీశైలం, ఆల్మట్టి జలాశయాలు కట్టారు. వీటివల్ల లక్షల ఎకరాలు పండాయి. అయితే నది మోసుకొచ్చే ఒండ్రులో అధిక భాగం జలాశయాల్లోనే నిలిచిపోతోంది. కొత్త మట్టి చేరని తీరాన్ని అలలు కోసేస్తున్నాయి. వరద రోజుల్లో లక్షల క్యూసెక్కులు ఒక్కసారిగా సముద్రంలోకి పోతాయి. వేసవిలో బ్యారేజీ దిగువకు మంచినీరు దాదాపుగా రాదు. నెలల తరబడి ఉప్పునీరే ఉంటే బురదలో ఉప్పు శాతం పెరిగి, మడలో కూడా ఉప్పుకు బాగా ఓర్చుకునే తెల్లమడ వంటి జాతులే మిగులుతాయి.

చట్టాలు, తీర్పులు

అటవీ భూమిని ఇతర అవసరాలకు ఇవ్వాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరి చేస్తూ 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. 1991 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన మడ నేలలను అత్యంత సున్నితమైన వర్గంలో చేర్చింది. 1996 డిసెంబరులో వెంటవెంటనే రెండు రోజుల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ఈ విషయంలో మైలురాళ్లు. తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో డిసెంబరు 11న తీర్పు వెలువడింది. నియంత్రణ పరిధిలోని తీరంలో సంప్రదాయ పద్ధతులు కాని రొయ్యల చెరువులను తొలగించాలని, కాలుష్యం చేసినవారే పరిహారం చెల్లించాలని అందులో ఆదేశించారు. మర్నాడు, డిసెంబరు 12న, గోదావర్మన్ అనే ఆయన వేసిన కేసులో అడవి అన్న మాటకు నిఘంటువు అర్థమే వర్తిస్తుందని, యాజమాన్యం ఎవరిదైనా 1980 నాటి చట్టం వర్తిస్తుందని కోర్టు చెప్పింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీని ఏర్పాటు చేసింది.

చట్టం ఉన్నంత మాత్రాన అడవి నిలవదు. చెరువుకు అనుమతి ఉందో లేదో చూసేవారు, గట్టు మడలోకి జరుగుతుంటే అడ్డుకునేవారు ఊళ్లోనే ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి ఏర్పడిన వన సంరక్షణ సమితుల ఉద్దేశం అదే. అటవీ శాఖ, గ్రామస్తులు కలిసి అడవిని కాపాడడం, దాని ఫలసాయంలో వాటా పొందడం ఈ పద్ధతిలోని మూలసూత్రం.

మళ్లీ పెంచే పద్ధతి

1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ కృష్ణా, గోదావరి తీరాల్లో గ్రామస్తులతో, అటవీ శాఖతో కలిసి పాడైన మడ నేలలను బాగుచేసింది. చెట్లు కొట్టేసిన చోట నేల కుంగి, పోటునీరు నిలిచిపోయి, ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుపోతుందని పరిశోధకులు గుర్తించారు. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా చస్తాయి. అందుకని ముందు ఏటి పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వారు. పైనుంచి చూస్తే చేప ముల్లులా కనిపించే ఈ ఏర్పాటులో పోటుకు నీరు లోపలికి వచ్చి, ఆటుకు బయటికి పోతుంది. ఉప్పు కడిగివేయబడిన తర్వాత కాలువ గట్ల మీద మొక్కలు నాటితే అవి నిలదొక్కుకుంటాయి.

ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి. భారత అటవీ సర్వే 2023 నివేదిక ప్రకారం దేశంలో మడ విస్తీర్ణం సుమారు 4,992 చదరపు కిలోమీటర్లు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 421. పశ్చిమ బెంగాల్, గుజరాత్, అండమాన్ నికోబార్ తర్వాతి స్థానం మనదే. అంతకుముందు లెక్కతో పోలిస్తే రాష్ట్రంలో 13 చదరపు కిలోమీటర్లు పెరిగింది. 2023 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన మిష్టి పథకం ఐదేళ్లలో దేశవ్యాప్తంగా 540 చదరపు కిలోమీటర్లలో మడను పెంచాలని లక్ష్యంగా పెట్టుకుంది.

ప్రపంచం చెప్పే పాఠాలు

ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2025 అంచనా ప్రకారం భూమి మీద 414 కోట్ల హెక్టార్ల అడవి ఉంది. 1990లలో ఏటా 1.76 కోట్ల హెక్టార్ల అడవిని నరికేవారు. గత పదేళ్లలో అది ఏటా 1.09 కోట్లకు తగ్గింది. వేగం తగ్గినా నరుకుడు ఆగలేదు. మడ అడవులైతే ప్రపంచం మొత్తం మీద సుమారు 1.47 లక్షల చదరపు కిలోమీటర్లే మిగిలాయి. వాటిలో సగం క్షేత్రాలు కుప్పకూలే ప్రమాదంలో ఉన్నాయని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2024లో హెచ్చరించింది.

బ్రెజిల్‌లోని అమెజాన్‌లో 2004లో 27,772 చదరపు కిలోమీటర్ల అడవి నరికివేతకు గురైంది. ఉపగ్రహాల నిఘా, కొత్త అభయారణ్యాలు, నరికిన నేలలో పండిన సోయాను వ్యాపారులు కొనకూడదన్న ఒప్పందం కలిసి 2012 నాటికి దాన్ని 4,571కి తగ్గించాయి. ప్రభుత్వం పట్టు సడలించగానే 2021లో అది 13 వేలు దాటింది. మళ్లీ బిగించాక 2024లో 6,300కు లోపే ఉంది. కోస్టారికా 1996 చట్టంతో అడవిని ఉంచుకున్న రైతుకు ఇంధన పన్ను ఆదాయం నుంచి డబ్బు ఇవ్వసాగింది. ఫిలిప్పీన్స్‌లో ఆటుపోట్ల తీరు గమనించకుండా నాటిన మడ మొక్కల్లో అత్యధికం చచ్చిపోయాయి. కెన్యాలోని గాజీ అఖాతం ప్రజలు 2013 నుంచి తమ మడలో నిల్వ ఉన్న కర్బనానికి వచ్చే సొమ్ముతో మంచినీటి వసతి, బడి అవసరాలు తీర్చుకుంటున్నారు. 2030 నాటికి అడవుల నష్టాన్ని ఆపుతామని 2021లో గ్లాస్గోలో 140కి పైగా దేశాలు మాటిచ్చాయి. ఆ మాట నిలబడేది ఇలాంటి పనులు జరిగిన చోటే.

డెల్టాలో జరగవలసినవి

ఈ అనుభవాలను కృష్ణా మడకు అన్వయిస్తే మూడు పనులు తేలుతాయి. మొదటిది, మొక్కల సంఖ్య కన్నా నేలలోకి వచ్చే ఆటుపోట్లకు, మంచినీటికి ప్రాధాన్యం ఇవ్వాలి. సాగునీటి ప్రణాళికలోనే నది మొగ వరకూ చేరే నీటికి కొంత వాటా లెక్కగట్టాలి. పొలాల్లో పొదుపు చేసిన ప్రతి తడీ ఆ వాటాకు అండ అవుతుంది. ఉయ్యూరు వంటి ఎగువ ప్రాంతాల రైతులకు ఈ అడవితో ఉన్న ప్రత్యక్ష సంబంధం ఇదే. రెండోది, వట్టిపోయిన చెరువుల గట్లు తెంచి, ఆ నేలను తిరిగి మడకు అప్పగించాలి. మూడోది, పీతలు, చేపలు పట్టుకుని బతికే యానాదులకూ జాలరులకూ అడవి రక్షణలో వేతనం, ఫలసాయం, నిర్ణయాధికారం దక్కాలి. అడవి తమదని వారు అనుకున్నప్పుడే గొడ్డలీ, తవ్వకం యంత్రమూ మడ అంచున ఆగుతాయి.