కుట్లను కాపాడే కుట్టు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పశువుల డాక్టరంటే ఆవులకు, గొర్రెలకు, కోళ్లకు. పొట్టి ఆవుకు పేరిచ్చిన ఊరు పుంగనూరు. ఆ జాతిని నిలబెట్టే పని పక్కనే పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో సాగుతోంది. ఇలాంటి చోట కుక్కకు ఆపరేషన్ చేయించి, పదిహేను రోజులు మనిషిని చూసినట్టు చూసుకోవడం నిన్నమొన్నటిదాకా వింతే. ఇప్పుడు కాదు. గుర్రంకొండ లాంటి మండల కేంద్రంలోనూ ఇంటికో లాబ్రడార్ కాకపోయినా, వీధికో పెంపుడు కుక్క కనిపిస్తోంది. ఆడకుక్క అయితే కు.ని. ఆపరేషన్, గర్భసంచికి చీము పడితే అత్యవసర ఆపరేషన్, వయసు మళ్లిన కుక్కకు గడ్డ తీయడం... ఏదో ఒకటి తప్పడం లేదు. చిన్నదైతే మదనపల్లెలో, పెద్దదైతే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రిలో చేయించి ఇంటికి తెస్తారు.

అసలు కథ ఇంటికొచ్చాకే మొదలవుతుంది. మత్తు దిగగానే కుక్క చేసే మొదటి పని కుట్లు నాకడం. ‘కుక్క నాలుకలో మందుంది, నాకితే పుండు మానుతుంది’ అనే మాట మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉంది. ఆపరేషన్ కుట్ల విషయంలో దాన్ని నమ్మితే కొంప మునుగుతుంది. గరుకు నాలుక దారాన్ని వదులు చేస్తుంది, నోట్లోని క్రిములు గాయంలోకి చేరతాయి, పళ్లతో లాగితే కుట్లే ఊడిపోతాయి. పొట్ట మీది కోత విచ్చుకుంటే మళ్లీ మత్తు, మళ్లీ ఆపరేషన్. ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. చర్మం మీది కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజులకు తీస్తారు. అన్నాళ్లూ కాపలా కాయాల్సిందే.

అందుకే డాక్టర్లు మెడకు ప్లాస్టిక్ గొట్టం లాంటిది తగిలిస్తారు. దాని పేరు ఎలిజబెతన్ కాలర్. 16వ శతాబ్దపు ఇంగ్లండు రాణి ఎలిజబెత్ కాలంలో దొరలు, దొరసానులు మెడచుట్టూ వేసుకున్న కుచ్చుల పట్టీని పోలి ఉంటుందని ఆ పేరు. పని బాగానే చేస్తుంది. కానీ దాంతో కుక్క గడపకు కొట్టుకుంటుంది, గిన్నెలో మూతి పెట్టలేదు, రాత్రంతా మూలుగుతుంది. చూడలేక ఇంట్లోవాళ్లే రెండో రోజు తీసేస్తారు. కుట్లు ఊడేది అప్పుడే.

దీనికి విరుగుడుగా వచ్చిందే ఒంటిని కప్పే చొక్కా. ఐరోపా, అమెరికాల్లో ‘రికవరీ సూట్’ పేరుతో అమ్ముతారు. మన దేశంలోనూ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అయితే ఆపరేషన్ ఇవాళ అయితే పార్సిల్ నాలుగు రోజులకు వస్తుంది. వచ్చినా సైజు కుదరదు. మన నాటుకుక్కకు ఛాతీ లోతు, నడుము సన్నం. ఛాతీకి సరిపోయింది నడుము దగ్గర సంచిలా వేలాడుతుంది, నడుముకు సరిపోయింది ఛాతీ దగ్గర పట్టేస్తుంది. ఇక్కడే కుట్టుమిషన్ తెలిసినవాళ్లకు పనుంది.

పాత టీషర్టుతో మొదలు

కుట్టు అస్సలు రాకపోయినా ఒక రాత్రి గడపడానికి పాత కాటన్ టీషర్టు చాలు. దాన్ని వెనుకది ముందుకు తిప్పి, అంటే బొమ్మ ఉన్న వైపు కుక్క వీపు మీదికి వచ్చేలా తొడగాలి. తల మెడలోంచి, ముందు కాళ్లు చేతుల్లోంచి వస్తాయి. మిగిలిన గుడ్డను నడుము దగ్గర వీపు పైకి పోగుచేసి జుట్టుకు పెట్టే మెత్తటి బ్యాండుతో ఆ గుడ్డను మాత్రమే ముడేయాలి. బ్యాండు పొట్ట చుట్టూ రాకూడదు. బిగిస్తే రక్తం ఆడదు. చిన్న కుక్కపిల్లకైతే పాత లెగ్గింగ్ కాలు ఒకటి కత్తిరించి, ముందు కాళ్లకు రెండు రంధ్రాలు పెడితే సరి.

పద్నాలుగు రోజులు నిలవాలంటే మాత్రం కుట్టాల్సిందే. టేపుతో నాలుగు కొలతలు తీసుకోండి: మెడ చుట్టు, ముందు కాళ్ల వెనుక ఛాతీ చుట్టు, నడుము చుట్టు, మెడ మొదలు నుంచి తోక మొదలు దాకా పొడవు. కుక్క నిలబడి ఉన్నప్పుడే కొలవాలి, కూర్చుంటే పొడవు తేడా వస్తుంది. వీలైతే ఆపరేషన్‌కు ముందు రోజే కొలిచి పెట్టుకోండి. కుట్లున్న కుక్కను టేపుతో చుట్టడం దానికీ మీకూ కష్టమే.

గుడ్డ సాగే కాటన్ హోజరీ, అదే బనియన్ గుడ్డ అయి ఉండాలి. పాలిస్టర్ వద్దు, గాలి ఆడదు, తడి పీల్చదు. ముందు పాత న్యూస్‌పేపర్ మీద కటింగ్ వేసి, కుక్క ఒంటికి ఆనించి చూసి, తర్వాతే గుడ్డ మీద కత్తెర పెట్టండి. వేసిన తర్వాత గుడ్డకూ ఒంటికీ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరాలి. పొట్ట కింది భాగం రెండు పొరలు పెట్టి, వెనక్కి ఒక జాన పొడవు ఎక్కువ వదలండి. ఆ మిగులు గుడ్డ వెనుక కాళ్ల మధ్య నుంచి పైకి వచ్చి, తోకకు రెండు పక్కలా టిచ్ బటన్లతో పడుతుంది. బయటికి తీసుకెళ్లినప్పుడు ఆ బటన్లు విప్పి, గుడ్డను ముందుకు చుట్టి వీపు మీద పెట్టేస్తే మూత్రంతో తడవదు. ఈ ఒక్క ఏర్పాటే మంచి చొక్కాకూ పనికిరాని చొక్కాకూ తేడా. వెల్‌క్రో పెట్టాలనిపిస్తుంది గానీ వద్దు. బొచ్చు అంటుకుని రెండు రోజుల్లో పట్టు పోతుంది, విప్పేటప్పుడు వచ్చే చప్పుడుకు కుక్క బెదురుతుంది.

మగకుక్కకు ఈ కొలత సరిపోదు. మూత్రం పొట్ట కిందనుంచి వస్తుంది కాబట్టి అక్కడ గుడ్డ తెరిచి ఉంచి, వెనుక కోత మాత్రం మూయాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు మగకుక్క విషయంలో కాలర్‌నే నమ్ముకోవడం మేలు.

ఇంట్లో ఉండే నల్ల కుట్టుమిషన్ నేరుగా మాత్రమే కుడుతుంది. సాగే గుడ్డ మీద ఆ కుట్టు కుక్క ఒళ్లు విరుచుకోగానే పుటుక్కున తెగుతుంది. అందుకు దారి ఉంది. చీరలకు పీకో చేసే షాపు ప్రతి ఊళ్లో ఉంటుంది కదా, ఆ మిషన్‌లో జిగ్‌జాగ్ కుట్టు పడుతుంది. మొన సూదిగా కాక గుండ్రంగా ఉండే హోజరీ సూది వాడితే గుడ్డకు చిల్లులు పడవు. అతుకులు బయటివైపు ఉండనివ్వండి. చూడటానికి తిరగేసి తొడిగినట్టు ఉన్నా, లోపల కుట్ల మీద ఒరుసుకోదు.

కనీసం మూడు కుట్టాలి. ఒకటి ఒంటి మీద, ఒకటి ఉతుకులో, ఒకటి చేతిలో. తడిసింది, రక్తం అంటింది వెంటనే మార్చాలి. రోజుకు రెండుసార్లు విప్పి గాయం చూడాలి. ఎరుపు, వాపు, చీము, వాసన కనిపిస్తే చొక్కా సంగతి వదిలేసి డాక్టర్‌కు చూపించండి. మూలుగుతోంది కదా అని మన ఇంట్లోని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు వేయొద్దు, కుక్కలకు అవి విషమవుతాయి. కుక్క గుడ్డనే కొరికి తింటోందా? చొక్కా తీసేసి కాలర్ పెట్టండి. మింగిన గుడ్డ పేగుకు అడ్డుపడితే మరో ఆపరేషన్.

దీంతో బతకగలమా?

ఈ పేజీ చదివేవాళ్లు అడిగేది ఇదే. సూటిగా చెప్పాలంటే, గుర్రంకొండలో కూర్చుని గుర్రంకొండ కుక్కలకే కుట్టి బతకలేరు. నెలకు ఒకటో రెండో వస్తాయేమో. బేరం ఉన్నది మదనపల్లె, తిరుపతి, బెంగళూరు క్లినిక్‌లలో. కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరు పనికి వెళ్లొచ్చేవాళ్లు ఎందరో. సరుకు కూడా అదే దారిలో వెళ్లగలదు. హోజరీ గుడ్డకు పేరున్న తిరుప్పూరు కూడా మరీ దూరమేమీ కాదు.

లెక్క మీరే వేయండి. ఒక చొక్కాకు గంటన్నర పట్టిందనుకుంటే రోజుకు నాలుగైదుకు మించవు. గుడ్డ, బటన్లు, పీకో ఖర్చు, కొరియర్, సైజు కుదరక తిరిగొచ్చినవి తీసేయగా మిగిలేది రోజు కూలికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. నా లెక్కకైతే మొదటి ఏడాది ఇది పక్క ఆదాయమే. జాకెట్లు కుడుతూ దీన్ని కలుపుకోవాలి తప్ప, దీన్ని నమ్ముకుని ఉన్న పని మానుకోకూడదు. ఢిల్లీలో 2008లో రాషీ నారంగ్ మొదలుపెట్టిన హెడ్స్ అప్ ఫర్ టెయిల్స్ పెంపుడు జంతువుల సామగ్రితో పెద్ద సంస్థగా ఎదిగిన మాట నిజమే. అయితే అలాంటివాళ్లు ఉన్న మార్కెట్లోకే మీరూ వెళ్తున్నారని మరవొద్దు. వాళ్లు చేయలేనిది మీరు చేయగలరు: ఆపరేషన్ ముందు రోజు కొలత తీసి, ఆ సాయంత్రానికే నాటుకుక్క ఒంటికి సరిపోయేది ఇవ్వడం.

వీధికుక్కల ఆపరేషన్లు పెరుగుతున్నాయి కాబట్టి అక్కడా గిరాకీ ఉంటుందని కొందరు అనుకుంటారు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆ బాధ్యత స్థానిక సంస్థలది. గాయం మానేదాకా కుక్కను కేంద్రంలోనే ఉంచాలి. అక్కడున్నన్నాళ్లు చొక్కా వాడొచ్చు గానీ, వీధిలోకి వదిలిన కుక్కకు వేయడం ప్రమాదం. కంపకు చిక్కుకుంటుంది, తడిస్తే విప్పేవాళ్లుండరు.

కుట్టు కన్నా జంతువుల మీద మనసుంటే దారి వేరు. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది. 2019లో గ్రామ సచివాలయాలకు పశుసంవర్ధక సహాయకులను తీసుకున్నప్పుడు అక్కరకొచ్చిన చదువు అదే. ఇంటర్ బైపీసీ వాళ్లకు ఐదున్నరేళ్ల పశువైద్య డిగ్రీ సంగతి తెలిసిందే.

కుట్టే వైపు వెళ్లేవాళ్లకు ఐటీఐలో ఏడాది సూయింగ్ టెక్నాలజీ ట్రేడ్ ఉంది. ఇప్పటికే కుట్టుపని చేస్తున్నవాళ్లయితే 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకాన్ని చూడండి. అందులోని 18 వృత్తుల్లో దర్జీ ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు రూ.500, పనిముట్లకు రూ.15,000 వరకు, ఆపై 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష రూపాయల దాకా రుణం ఇస్తారు. 18 ఏళ్లు నిండాలి, ఇంటికి ఒక్కరికే అవకాశం. దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటర్‌లో ఆధార్ వేలిముద్రతో చేయాలి. వెళ్లేటప్పుడు బ్యాంకు పాస్‌బుక్, రేషన్ కార్డు వెంట తీసుకెళ్లండి.